పదహారు మందుల పరీక్ష
(కౌకూర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆహ్వానపత్రంలో లేదు. అచ్చుతప్పు అనుకుని ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేశారు. అచ్చుతప్పు కాదు, పేరు వేయొద్దని ఆయన ఇంటి అమ్మగారు చెప్పారు. ఆయన క్లినిక్ బోర్డు మీద కూడా పేరు వెలిసిపోయి ఏళ్ళయినా మళ్ళీ రాయించుకోలేదు. 'ఉదయం 8 గంటల నుంచి' అన్నది మాత్రం కనిపించేది. ఎప్పటిదాకా అన్నది మొదటి నుంచీ లేదు. కౌకూర్‌లో ఆయన డాక్టర్‌సాబ్. దర్గాకు వచ్చేవాళ్ళకూ, యాప్రాల్ నుంచి స్కూటర్ మీద వచ్చే రిటైర్డ్ సుబేదార్లకూ, కాలనీలు కట్టడానికి ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీలకూ అదే పేరు. ఇవాళ నేనూ అలాగే అంటాను.

ఆయన దగ్గర కంప్యూటర్ లేదు. అట్టకార్డులు ఉండేవి, ఒక్కోటీ పోస్టుకార్డుకు రెండింతలు. ఎడమ మూలలో ఇంటి నంబరు. కుడి మూలలో ఆ మనిషికి పడని మందు, ఎర్ర పెన్సిల్‌తో, కింద గీతతో సహా. పేరు కంటే ముందు ఆ ఎర్రగీత కంటపడాలన్నది ఆయన లెక్క. కింద తారీఖు, బీపీ, మందు. మార్జిన్‌లో ఇంకేవో రాసుకునేవారు: బిడ్డ పెళ్ళి కుదిరింది, గోలీలు సగమే కొంటున్నాడు, కల్లు మానిండట, చూద్దాం. ఆ చివరి మాటను ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ గడిలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నేళ్ళ కింద ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ సంచీతో క్లినిక్‌కు వచ్చాడు. మర్యాదస్తుడు. పేషెంట్లు అయిపోయేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి వచ్చి, "సార్, మాది సర్టిఫైడ్ సాఫ్ట్‌వేర్" అన్నాడు.

"దేనికి సర్టిఫై చేశారు బాబూ?" అన్నారు డాక్టర్‌సాబ్.

"ఎమ్ వన్, ఎమ్ టూ, ఎమ్ త్రీ, మూడూ క్లియర్ సార్."

"సరే. ఇదిగో, ఈ కార్డులో ఉన్న అవ్వకు పెన్సిలిన్ పడదు. అది ఎమ్ ఎంత?"

కుర్రాడు నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ రోజు అది హాస్యంగానే పోయింది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ప్రశ్న గురించే.

ముందు ఆ మూడు ఎమ్‌ల సంగతి చెప్పాలి, ఈ సభలో వైద్యులు కానివాళ్ళే ఎక్కువ కాబట్టి. 2020 ఆగస్టు 15న కేంద్రం జాతీయ డిజిటల్ ఆరోగ్య మిషన్ ప్రకటించింది. మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి, 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతటికీ తెచ్చింది. మీ ఫోన్లలో ఉన్న 14 అంకెల ఆభా నంబరు దానిదే. అలాంటి నంబర్లు 70 కోట్లు దాటాయి. ఆ వలకు తమ సాఫ్ట్‌వేర్‌ను కలపదలుచుకున్న కంపెనీ మూడు మెట్లు ఎక్కాలి. మొదటి మెట్టు, ఆభా నంబరు సృష్టించడం, సరిచూడడం. రెండోది, పేషెంట్ ఒప్పుకుంటే తన దగ్గరున్న రికార్డును బయటికి పంపగలగడం. మూడోది, అదే ఒప్పుదల మీద వేరేచోటి రికార్డును తెప్పించి చూపగలగడం. వీటికి తోడు, కేంద్రం వారి సైబర్ భద్రతా విభాగం సర్ట్-ఇన్ గుర్తించిన సంస్థ ఒకటి భద్రత తనిఖీ చేసి కాగితం ఇవ్వాలి.

ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మేడ్చల్‌లో తీసిన ఎక్స్‌రే గాంధీ ఆసుపత్రి డాక్టరుకు కనిపిస్తే ఎవరికి చేదు? రోడ్డు ఉందా, గేటుకు తాళం ఉందా అని చూసే పరీక్ష అది. అయితే ఆ రోడ్డు మీద వెళ్ళే బండిలో బ్రేకులున్నాయా అని అడగదు. అడుగుతానని అది ఎక్కడా చెప్పుకోలేదు కూడా. చెప్పుకున్నట్టు మనకు వినిపిస్తున్నది 'సర్టిఫైడ్' అన్న ఒక్క మాట వల్ల. అమ్మేవాడు ఆ మాటను దీర్ఘం తీసి పలుకుతాడు, కొనేవాడు దాన్ని పెద్దదిగా వింటాడు.

ఇక నా అనుభవం. కంపెనీ పేరు చెప్పను, అడగొద్దు. డాక్టర్‌సాబ్ ఆరోగ్యం దెబ్బతిని క్లినిక్ నా చేతికి వచ్చాక నేను ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాను. మూడు మెట్లూ ఎక్కినదే. మా రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి మధ్యాహ్నాలు ఒక్కో కార్డు తీసి ఎక్కిస్తూ వచ్చింది. ఆ అవ్వ కార్డు వచ్చినప్పుడు 'అలర్జీ' అన్న గడిలో 'పెన్సిలిన్ పడదు' అని శుభ్రంగా తెలుగులో టైపు చేసింది. ఏడాది గడిచింది. అవ్వ చిగురు వాపుతో వచ్చింది. బయట ముప్ఫైమంది ఉన్నారు. నేను పాత కార్డు తీయలేదు, కంప్యూటర్ ఉంది కదా. అమాక్సిసిలిన్ కొట్టాను, అదీ పెన్సిలిన్ జాతిదే. తెర కిక్కురుమనలేదు. ప్రింటు తీసి చేతిలో పెట్టాను. అవ్వ కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి అడిగింది:

"డాక్టర్‌సాబ్ ఉన్నప్పుడు నా అట్ట మీద ఎర్రగీత ఉండె గద సారూ, గదేమైంది?"

చదువు రాని మనిషి ఆమె. ఎర్రగీత మాత్రం గుర్తుంది.

సాయంత్రం కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళు చెప్పింది సాంకేతికంగా నిజమే. అలర్జీని జాబితాలోంచి ఎంచుకుంటే దాని వెనక ఒక కోడ్ ఉంటుంది. మందుకూ ఒక కోడ్ ఉంటుంది. రెండు కోడ్‌లూ తగిలితేనే హెచ్చరిక వస్తుంది. చేత్తో టైపు చేసింది కంప్యూటర్‌కు బొమ్మతో సమానం. "టెస్టింగ్‌లో అలర్ట్ వచ్చింది సార్, వీడియో పంపమంటారా?" అన్నాడు. వచ్చే ఉంటుంది. పరీక్షించినవాడు జాబితాలోంచి ఎంచుకుని ఉంటాడు. మా అమ్మాయిలా మధ్యాహ్నం అన్నం తిని, నిద్ర ఆపుకుంటూ, నలభయ్యో కార్డు ఎక్కిస్తున్న మనిషిని అక్కడ ఎవరూ కూర్చోబెట్టి ఉండరు.

తప్పు నాది. కార్డు తీయకపోవడం నా తప్పు, అది కంపెనీ మీద వేయను. కానీ ఆ రోజు నుంచి ఒక సందేహం నన్ను వదల్లేదు. పరీక్షలో నెగ్గడమూ, పనికి రావడమూ ఎంత దూరంలో ఉంటాయి?

ఈ దూరాన్ని అమెరికా మనకంటే ముందు, బోలెడు డబ్బు పోసి కొలిచింది. 2009 ఫిబ్రవరిలో హైటెక్ చట్టం వచ్చింది. సర్టిఫైడ్ రికార్డు సాఫ్ట్‌వేర్ వాడితే ఒక్కో డాక్టరుకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా కింద 44 వేల డాలర్ల వరకు ఇస్తామన్నారు. ఆ పథకం కింద 30 బిలియన్ డాలర్లకు పైగా ఖర్చయింది. డబ్బు సర్టిఫికెట్‌కు ముడిపడ్డాక కంపెనీలకు సర్టిఫికెట్టే సరుకు అయింది. ఇక్లినికల్‌వర్క్స్ అని పెద్ద కంపెనీ. అక్కడి న్యాయశాఖ ఆరోపణ ఇది: పరీక్షలో సాఫ్ట్‌వేర్ మందుల కోడ్‌ల పూర్తి జాబితాలోంచి ఏ మందునైనా వెతికి తేగలగాలి. కంపెనీ ఆ పని చేసే సామర్థ్యం కట్టకుండా, పరీక్షలో అడగబోయే 16 మందుల కోడ్‌లు మాత్రం నేరుగా లోపల టైపు చేసి పెట్టింది. పరీక్ష నెగ్గింది. 2017 మే నెలలో 15 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టి, తప్పు ఒప్పుకోకుండానే రాజీ చేసుకుంది.

పదహారు మందులు! మన ఇంటర్ కాలేజీల ముందు అమ్మే ఇంపార్టెంట్ ప్రశ్నల గైడు గుర్తుకు రావడం లేదూ? ఈ దేశంలో పుట్టినవాడికి ఆ కథ వివరించనక్కర్లేదు. ఇక్లినికల్‌వర్క్స్ లోపాలను మొదట పసిగట్టింది ఏ పరీక్షా సంస్థా కాదు. న్యూయార్క్ రైకర్స్ ఐలాండ్ జైలులో ఖైదీల వైద్యానికి ఆ సాఫ్ట్‌వేర్ అమర్చే పనిలో ఉన్న ఒక ఉద్యోగి. రోజూ దాని ముందు కూర్చునే మనిషి.

ఇంకోటి ఇంతకన్నా కటువైనది. ప్రాక్టీస్ ఫ్యూజన్ అని డాక్టర్లకు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉండేది. 2020 జనవరిలో అది 14 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. నొప్పి మందులు అమ్మే ఒక నల్లమందు జాతి ఔషధాల కంపెనీ దగ్గర సొమ్ము తీసుకుని, డాక్టరు తెర మీద నొప్పి గురించి గుర్తుచేసే హెచ్చరికను ఆ కంపెనీకి అనుకూలంగా తయారు చేసింది. అదీ సర్టిఫికెట్ ఉన్నదే. హెచ్చరిక రావాలని పరీక్ష అడిగింది. ఎవరు డబ్బిస్తే వచ్చింది అని అడగలేదు.

మన డాక్టర్లు అక్కడ వేలమంది ఉన్నారు. నా మేనల్లుడు టెక్సాస్‌లో ఫిజీషియన్. ఫోన్ చేస్తే రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక, ఇంకా నోట్సు కొడుతూ ఉంటాడు. ఆ వేళకు అక్కడ వాళ్ళు పెట్టుకున్న పేరు 'పైజామా టైమ్'. పేషెంటు ముందు గడిపిన ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటర్ ముందూ కాగితాల ముందూ పోతున్నాయని 2016లో అక్కడి వైద్య పత్రికలో ఒక అధ్యయనం అచ్చయింది. ఆ రెండు గంటలు తింటున్న సాఫ్ట్‌వేర్లకూ సర్టిఫికెట్లు ఉన్నాయి మరి.

అమెరికా దాకా వెళ్ళకుండానే చెప్పగల కథ ఒకటి మన ఊళ్ళోనే ఉంది. డాక్టర్‌సాబ్‌కు అది చాలా ఇష్టం. బోలారంలో రెసిడెన్సీ బంగళా, అదే ఇప్పటి రాష్ట్రపతి నిలయం, దాని గోడ పక్కగా వెళ్ళినప్పుడల్లా రెసిడెన్సీ సర్జన్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ లారీని తలుచుకునేవారు. లారీ హైదరాబాద్ వైద్య పాఠశాలకు కూడా పెద్ద. అప్పట్లో ఆపరేషన్‌కు మత్తుగా క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు పేషెంట్లు ఉన్నట్టుండి చనిపోతున్నారు. ఊపిరి ముందు ఆగుతుందా, గుండె ముందు ఆగుతుందా అని ఇంగ్లండ్‌లో జుట్లు పట్టుకుంటున్నారు. 1888లో లారీ ఇక్కడ క్లోరోఫాం కమిషన్ నడిపి, ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. మీ మనిషిని పంపండి, ఖర్చు మాది అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889లో వాళ్ళ మనిషిగా లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల కుక్కల మీద, కోతుల మీద రెండో కమిషన్ ప్రయోగాలు చేసింది. మళ్ళీ అదే జవాబు. ప్రపంచమంతా 'హైదరాబాద్ కమిషన్' మాట మారుమోగింది.

అది తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ అన్న లండన్ డాక్టరు పిల్లుల మీద చూపించాడు. మత్తు పలచగా ఉన్నప్పుడు, పేషెంట్ బెదిరినప్పుడు, గుండె దానంతటది కొట్టుమిట్టాడి ఆగిపోగలదు. హైదరాబాద్‌లో కుక్కలకు మత్తు బాగా ముదరనిచ్చి చూశారు. ముదిరిన మత్తులో నిజంగానే ఊపిరే ముందు ఆగుతుంది. ప్రయోగంలో మోసం లేదు, లెక్కల్లో తప్పు లేదు, సాక్షికి కొదవ లేదు. ఆపరేషన్ బల్ల మీద ఏ క్షణంలో మనిషి పోతున్నాడో ఆ క్షణాన్ని మాత్రం పరీక్షలో పెట్టలేదు. "కుక్కను పడుకోబెట్టి అడిగారు, మనిషి కూర్చుని ఉండగా పోయాడు" అనేవారు డాక్టర్‌సాబ్. కొంచెం అతిశయోక్తి ఉంది గానీ మాట నాకు నచ్చుతుంది. ఇరవై రెండేళ్ళు పట్టింది ఆ సర్టిఫికెట్ చెల్లకపోవడానికి.

ఇప్పటి సర్టిఫికెట్‌కు ఇంకో చిక్కు ఉంది. క్లోరోఫాం మారలేదు, సాఫ్ట్‌వేర్ మారుతుంది. పరీక్షకు వెళ్ళినది ఒక రూపం. మా క్లినిక్‌లో సోమవారం పొద్దున తెరిస్తే 'కొత్త అప్‌డేట్' అని ఉంటుంది, నిన్న కుడివైపున్న బటన్ ఎడమవైపు ఉంటుంది. ఒకసారి మోతాదు గడిలో 'రోజుకు రెండు' అన్నది తీసేసి ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు పెట్టారు. మెడికల్ షాపులో కుర్రాడికి అర్థమవుతుంది, ఇంట్లో అవ్వకు అర్థం కాదు. కాగితం మీదున్న ముద్ర ఏ నెల సాఫ్ట్‌వేర్‌కు వేశారో దానికే చెందుతుంది.

భాష సంగతి కూడా ఇక్కడే. మన దగ్గరికి వచ్చేవాళ్ళు "కాళ్ళు గుంజుతున్నయ్", "పానం మంచిగ లేదు", "తల దిమ్ముగా ఉంది" అంటారు. వీటిని రోగలక్షణాల జాబితాలో వెతికితే దొరకవు. దగ్గరగా ఉన్నదేదో నొక్కి ముందుకు పోతాం. పేషెంట్ చెప్పింది ఒకటి, రికార్డులో మిగిలేది ఇంకొకటి. ఆ రెండోదే రేపు 14 అంకెల నంబరు వెంట గాంధీకీ, నిమ్స్‌కూ ప్రయాణం చేస్తుంది, ముద్రతో సహా.

నేను కంప్యూటర్‌కు విరోధిని కాను. భారత వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది: రికార్డులు మూడేళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, కంప్యూటర్‌లో పెట్టే ప్రయత్నం చేయాలి. మన పక్కనే చూడండి. మేడ్చల్ మండలం ఘనపూర్‌లో మెడిసిటీ ఆవరణలోని షేర్ ఇండియా వాళ్ళు రీచ్ పేరిట చుట్టుపక్కల పల్లెల ఇంటింటి వివరాలు కంప్యూటర్‌లో పెట్టి, గర్భిణులనూ పసిపిల్లలనూ ఒక్కొక్కరినీ గుర్తుపట్టి వెంటాడారు. ఆభా అన్న మాట పుట్టకముందు పని అది. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2010 ప్రాంతంలో ఐస్మార్ట్ అని సొంత రికార్డు సాఫ్ట్‌వేర్ తయారు చేసుకుంది. బంజారాహిల్స్ నుంచి పల్లెల్లోని దృష్టి కేంద్రాల దాకా అది నడుస్తున్నది. ఎవరో సర్టిఫికెట్ ఇచ్చారని కాదు, కంటి డాక్టరూ ప్రోగ్రాం రాసేవాడూ ఒకే ఆవరణలో ఉన్నారు కాబట్టి. బటన్ చోటు నచ్చకపోతే మెట్లు దిగి వెళ్ళి చెప్పొచ్చు. ఒక్క డాక్టరున్న మా క్లినిక్‌కు ఆ మెట్లు లేవు. మాకు ఉన్నది కస్టమర్ కేర్ నంబరు.

అందుకే చిన్న క్లినిక్‌కే సర్టిఫికెట్ ఎక్కువ అవసరం. పెద్ద ఆసుపత్రి సొంతంగా పరీక్షించుకోగలదు, మేం నమ్మి కొంటాం. నమ్మేవాడి కోసం ఉండాల్సిన కాగితం నమ్మేవాడి ప్రశ్నలే అడగడం లేదన్నది నా ఫిర్యాదు. ఆసుపత్రుల నాణ్యత చూసే ఎన్‌ఏబీహెచ్ ఈమధ్య ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు వేరే ప్రమాణాలు తెచ్చింది. అది మూడు మెట్ల కంటే లోతుకు వెళ్తుంది, మంచిదే. ఆ పరీక్ష గదిలో మా అమ్మాయి లాంటి మనిషికి ఒక కుర్చీ వేయమని అడుగుతున్నాను. ఆమెకు నలభై పాత కార్డులు ఇవ్వండి, మధ్యలో రెండుసార్లు కరెంటు తీయండి, ఫోన్ మోగించండి. ఆ తర్వాత మందు కొట్టి చూడండి.

కరెంటు అన్నాను కదా, సర్వర్ పోయినా అంతే. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి రెండు వారాల వరకు పనులు కుంటుపడ్డాయి. అంత పెద్ద ఆసుపత్రిలో చీటీలు చేత్తో రాశారు. అక్కడ చేత్తో రాయడం వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి సరిపోయింది. పదేళ్ళ తర్వాత ఉంటారా?

డబ్బు సంగతి రెండు మాటల్లో. 2023 జనవరి 1 నుంచి మన దగ్గరా ప్రోత్సాహక పథకం వచ్చింది. నిర్ణయించిన సంఖ్య దాటాక ఆభాకు కలిపిన ఒక్కో రికార్డుకు ఆసుపత్రికి 20 రూపాయలు, సంస్థకు గరిష్ఠంగా 4 కోట్లు. అందులో లెక్కపెట్టింది కలిపిన రికార్డులను. ఆ రికార్డులో ఏముందో లెక్కపెట్టేవాళ్ళు లేరు. అమెరికా కథ విన్నాక ఇది నాకు నిద్ర పట్టనిచ్చే ఏర్పాటు కాదు. పైగా 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కొత్త నిబంధనలు డాక్టర్లందరూ మూడేళ్ళలో రికార్డులన్నీ డిజిటల్ చేయాలన్నాయి. వేరే గొడవల వల్ల ఆ నెలలోనే వాటిని పక్కన పెట్టారు. పక్కన పెట్టినవి మళ్ళీ రాకపోవు.

చివరిగా ఒకటి. నేను మొదట కొన్న ఆ సాఫ్ట్‌వేర్‌ను వదిలేశాను. వదిలేటప్పుడు మా పేషెంట్ల వివరాలు మాకిమ్మని అడిగితే ఒక ఎక్సెల్ పట్టీ వచ్చింది. పేరు, ఫోన్ నంబరు, ఎప్పుడెప్పుడు ఎంత బిల్లు కట్టారో పైసలతో సహా ఉంది. రోగం లేదు, మందు లేదు, అలర్జీ లేదు. రికార్డు బయటికి పంపగలదని రెండో మెట్టు దగ్గర నిరూపించుకున్న సాఫ్ట్‌వేరే అది. ఒక్కొక్క పేషెంట్ ఒప్పుకుంటే ఒక్కొక్కటి పంపుతుందట. క్లినిక్ మొత్తం ఇల్లు మారితే సామాను ఇవ్వాలని ఎవరూ అడగలేదట.

మా అమ్మాయి కొత్త సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ మొదటి కార్డు దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఈసారి అలర్జీని జాబితాలోంచే ఎంచుకుంటుంది. ఎంచుకున్నాక మందు కొట్టి, తెర ఎర్రబడిందా లేదా చూసి, అప్పుడు పక్క కార్డు తీస్తుంది. ఎర్రబడని చోట కార్డుకు బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టి నాకు విడిగా ఇస్తుంది. ఇప్పటికి పదకొండు క్లిప్పులు అయ్యాయి.

డాక్టర్‌సాబ్ కార్డులు చూపిస్తారా అని మీలో కొందరు అడిగారు. రెండు పెట్టెలూ పక్క గదిలో బల్ల మీద ఉన్నాయి. పెట్టెలు చూడొచ్చు. లోపల అన్నీ మీ పేర్లే కాబట్టి తాళం వేశాను, తాళంచెవి అమ్మగారి దగ్గరుంది.